రాజుకు ఒక్క బిడ్డ

నా మొదటి పుస్తకం ముఖచిత్రం ఫోన్‌లోకి వచ్చి పడినప్పుడు నేను స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూతతో కుస్తీ పడుతున్నాను. గార్ల దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ తిని, సెలవులన్నీ మింగి పూర్తయిన పుస్తకం అది. డబ్బా పక్కన పడేసి, మూత సందులోంచి కారి చేతికంటిన పప్పు కూడా తుడుచుకోకుండా ఫోన్ అందుకున్నాను.

కొండ మీద కోట. కోట వెనక మంటలు. ముందు ఒక నల్ల గుర్రం, దాని మీద ఒక కుర్రాడు. భుజాల దాకా జుట్టు, ఒంటి మీద ఉక్కు కవచం, పెదవి పైన అప్పుడప్పుడే మొలుస్తున్న నూనూగు మీసం. గీసినవాడికి చేయెత్తి దండం పెట్టాలి. గుర్రం ముక్కులోంచి వచ్చే ఆవిరి కూడా కనబడుతోంది.

"ఎవడు వీడు?" అన్నాను పైకే.

పక్క కుర్చీలోని లెక్కల టీచరు మెడ సాచి చూసింది. "మస్తున్నడు గద. సంబంధం వచ్చిందా ఏంది?" అంది.

నాకు నవ్వు రాలేదు. నా పుస్తకంలో ఇట్లాంటి కుర్రాడు ఎవడూ లేడు. ఒక సేనాపతి ఉన్నాడు కానీ ఆయనకు అరవై దాటాయి, పైగా ఒక కన్ను కనబడదు. ఇది ఇంకెవరిదో పుస్తకం బొమ్మ, పొరపాటున నాకు వచ్చిందనుకుని ప్రచురణకర్తకు ఫోన్ చేశాను.

ఆవిడ కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన పెద్దావిడ. పిల్లల పుస్తకాలు వేస్తుంది. మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత జరిగింది విని ఆవిణ్ణి అపార్థం చేసుకోకూడదు. నా రాతప్రతి ఎక్కడెక్కడో తిరిగి ఎక్కడా దిగలేక వచ్చినప్పుడు, దాన్ని చివరి దాకా చదివిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

"మేడం, బొమ్మ చాలా బాగుంది. కానీ ఈ అబ్బాయి ఎవరండీ?"

"అదేంటమ్మా! మీ హీరో."

"నా హీరో ఆడపిల్ల మేడం."

అవతల సొరుగు లాగిన చప్పుడు వినబడింది. తర్వాత కాగితాలు తిప్పిన చప్పుడు.

"అలాగని ఎక్కడ రాశారు?"

"మొదటి వాక్యమే మేడం. 'నల్లకోట రాజుకు నేను ఒక్క బిడ్డను.'"

"అవును. బిడ్డ. పిల్లాడు."

"బిడ్డ అంటే కూతురు మేడం."

"బిడ్డ అంటే బిడ్డేనమ్మా. ఎవరైనా కావచ్చు."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. మా దిక్కు "నాకిద్దరు కొడుకులు, ఒక బిడ్డ" అంటారు. బిడ్డను చూసొస్తానని బస్సెక్కిన ముసలమ్మ కొడుకు ఇంటి ముందు దిగదు. ముద్దు చేసి పిలిచేటప్పుడు మగపిల్లవాణ్ణి కూడా "బిడ్డా" అనే మాట నిజమే. కానీ ఫలానా ఆయనకు ఒక్క బిడ్డ అని చెబితే మాత్రం ఆడపిల్లే, అందులో అడగాల్సింది ఏమీ లేదు. అదే మాట కృష్ణ దాటేసరికి ఆడా మగా కాకుండా పోతుందని పుస్తకాల్లో చదివాను, పిల్లలకు చెప్పాను కూడా. రాసేటప్పుడు మాత్రం తట్టలేదు.

సరే, మొదటి వాక్యం దాటాక అయినా దొరకాలి కదా? దొరకదు. కథంతా హీరో నోటితోనే చెప్పించాను. "నేను గుర్రమెక్కాను", "నేను కత్తి దూశాను". తెలుగులో 'నేను'కు మీసమూ లేదు, జడా లేదు. పోనీ మిగతావాళ్లు చెప్పుకునే చోట "రాజు బిడ్డ వచ్చింది, రాజు బిడ్డ గెలిచింది" అని ఉంది. అక్కడా ఆ పిల్ల ఆడపిల్లని తేలకుండా తప్పించుకుంది. మగబిడ్డ అయినా ఆవిడ తెలుగులో బిడ్డ "వచ్చింది" అనే అంటారు. ఏళ్లుగా నేను పిల్లల నెత్తిన రుద్దుతున్న వ్యాకరణం నాకే గొయ్యి తవ్వి పెట్టింది.

"అంత పెద్ద పుస్తకంలో చీర మాట ఒక్కసారన్నా రాలేదమ్మా," అంది ఆవిడ, నొచ్చుకుంటూ.

"గుర్రమెక్కి సొరంగంలోకి పోయేదానికి చీరెందుకు మేడం?"

ఆవిడ నవ్వింది. నవ్వాక గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "కోప్పడకండి. అబ్బాయిగానే ఉంచేద్దాం. మీరు పెద్దగా మార్చాల్సింది కూడా లేదు. 'రాజుకు నేను ఒక్కగానొక్క కొడుకుని' అంటే చాలు, మిగతాదంతా సరిపోతుంది. అబ్బాయి కథ అమ్మాయిలు చదువుతారు. అమ్మాయి కథ అబ్బాయిలు ముట్టుకోరు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను కదా. బొమ్మ కూడా అయిపోయింది. ఇప్పుడు సరే అంటే చలికాలం పుస్తకాల పండుగకు తెచ్చేస్తాను. లేదంటే మళ్లీ చూద్దాం."

సోమవారం చెప్పమంది.

"మళ్లీ చూద్దాం" అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. పెళ్లి సంబంధాల వాళ్లు కాఫీ తాగి లేచేటప్పుడు చెప్పే మాట అది. వాళ్లు మళ్లీ రారు.

నాకు కోపం ఎక్కువ. ఒళ్లు మండిపోయింది. ఈ నేల మీద ఒకప్పుడు ఒక రాజు తన బిడ్డకు మగ పేరు పెట్టి, మగ వేషం వేయించి గద్దె ఎక్కించిన ముచ్చట మా ఆరో తరగతి పిల్లలు కూడా చెబుతారు. ఇన్ని వందల ఏళ్లు గడిచాక మళ్లీ నా పిల్లకు మీసాలు పెట్టాలా? ఆ మధ్యాహ్నమంతా ఎవరేం అడిగినా కసిరాను.

సాయంత్రం కుక్కరు కూత వేసే సమయానికి కోపం దిగింది, దాని స్థానంలో ఆశ వచ్చి కూర్చుంది. ఏం పోతుంది, నాలుగు మాటలే కదా? గుర్రం అదే, కోట అదే, యుద్ధం అదే. నా పేరు అచ్చులో పడుతుంది. పండుగలో ఒక బల్ల మీద నా పుస్తకం ఉంటుంది, ఎవరో పిల్లవాడు తీసి తిరగేస్తాడు. ఒద్దంటే మళ్లీ ఆదివారాలు, మళ్లీ పోస్టాఫీసులు. అన్నం తినే లోపల నేను ముప్పాతిక వంతు సరే అనేశాను.

మిగిలిన పాతిక మా నాన్న దగ్గర ఉంది, ఆయన్ని బాపు అంటాను. ఎందుకంటే నా కథలోని ఆ పిల్ల పుట్టింది భూపాలపల్లిలో, మా బాపు పడుకునే మంచం మీద.

బాపు బొగ్గుగనిలో పనిచేశాడు. అక్కడ గనిని బాయి అంటారు. మంచినీళ్ల బావినీ బాయి అనే అంటారు. చిన్నప్పుడు నాకు తెలిసింది రెండోదే. బాపు రోజూ పొద్దున్నే "పోయొస్త బిడ్డా" అని చెప్పి, పోయి, ఏదో ఒక చేదబాయిలోకి దిగుతున్నాడని అనుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఆయన డ్యూటీ దిగి, స్నానం చేసి, తిని మంచం మీద వాలితే కాళ్ల దగ్గర కూర్చుని అడిగాను.

"బాపూ, రోజు బాయిల దిగుతవు గద. మరి తడువవేంది?"

బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గా బాయిల నీళ్లుండయి బిడ్డా. చీకటుంటది."

"చీకట్ల ఏముంటది?"

ఆ ప్రశ్నకు జవాబుగా మొదలైన కథ నా చిన్నతనమంతా నడిచింది. నల్లకోట అనే రాజ్యం. దాని కొండ కింద చీకట్లో మింగుడు అనే ఒక జంతువు. దానికి ఆకలేస్తే అన్నం తినదు, వెలుగు తింటుంది. రాజ్యంలో ఒక్కో ఇంటి దీపం ఆరిపోతోంది. రాజు ముసలివాడు, మోకాళ్లు పట్టేశాయి. మంత్రులు తలలు పట్టుకున్నారు, రాజుకు కొడుకులు లేరు, కొండ కిందికి ఎవరు దిగాలి? అక్కడికి వచ్చాక బాపు ఆగేవాడు.

"గప్పుడు రాజు బిడ్డ ఏమన్నది?"

"నేను పోత అన్నది."

"పోత అనొద్దు. పోయొస్త అనాలె."

ప్రతిసారీ ఆ తప్పు చేసేదాన్ని. కావాలనే చేసేదాన్ని, బాపు దిద్దుతుంటే బాగుండేది. దిద్దడం ఆయనకు జబ్బు. చదివింది ఏడో తరగతి, కానీ పేపర్లో అచ్చుతప్పు కనబడితే పెన్ను తీసి కొట్టేసి సరిగ్గా రాస్తాడు. సాయంత్రానికి ఆ పేపర్లో మిరపకాయ బజ్జీలు చుట్టుకుంటారని తెలిసినా ఆగడు. దుకాణాల బోర్డుల ముందు నిలబడి ఒత్తులు సరిచేయమని చెప్పి తిట్లు తిన్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ కథలో పిల్ల నాతో పాటే పెరిగింది. నాకు సైకిల్ వచ్చిన ఏడాది తనకు గుర్రపు స్వారీ వచ్చింది. నాకు లెక్కలు తప్పిన ఏడాది తను కత్తియుద్ధంలో ఓడిపోయింది. నేను చదువుకోసం హాస్టలుకు పోయిన ఏడాది, చేతిలో ఒకే ఒక్క దీపం పట్టుకుని కొండ కిందికి దిగింది. అక్కడి నుంచి ఏం జరిగిందో బాపు చెప్పలేదు. "ఇగ నువ్వే చెప్పుకోవాలె," అన్నాడు. నేను రాసింది అక్కడి నుంచే, కొడుకులు లేరన్న మంత్రుల గోల పుస్తకంలో లేదు.

అమ్మది జనగామ దిక్కు, లింగాల ఘనపూర్. పెళ్లిళ్లకు అటు పోయినప్పుడల్లా పందిట్లో ఎవరో ఒక పెద్దమనిషి బాపును పట్టుకుని, పిల్లలు ఎంతమంది అని అడిగేవాడు.

"ఒక్క బిడ్డ."

"అయ్యో. కొడుకులు లేరా?"

"అయ్యో ఎందుకన్నా? బిడ్డ మంచిగనే ఉన్నది గద," అని బాపు నన్ను ముందుకు తోసి చూపించేవాడు. నేను నోటి నిండా లడ్డూ పెట్టుకుని, మంచిగానే ఉన్నట్టు నిలబడేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు, బాపు అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఆయనకు ఆ మాట తగలదని నేను గట్టిగా నమ్మాను.

శనివారం బడి వదలగానే బస్సులు మారుకుంటూ భూపాలపల్లి పోయాను. బాపు రిటైరై ఇప్పుడు చిన్న సొంత ఇంట్లో ఉంటున్నాడు. కథలో రాజుకు లాగే ఆయన మోకాళ్లూ పట్టేశాయి. అమ్మ టీ పెట్టింది. నేను ఫోన్ తీసి బొమ్మ చూపించాను.

అమ్మ ముందు చూసి, "గుర్రం మంచిగున్నది," అంది.

బాపు కళ్లద్దాలు పెట్టుకుని, బొమ్మను దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు. "మంచిగున్నడు. ఎవలీ పిలగాడు?"

"మన కథల హీరోనే బాపు."

"మరి రాజు బిడ్డేది?"

చెప్పాను. బిడ్డ అంటే అటువైపు ఏమనుకున్నారో, పెద్దావిడ ఏమందో, పుస్తకాల పండుగ ఎప్పుడో అన్నీ చెప్పాను. అబ్బాయిగా మారిస్తే ఏమీ పోదని కూడా చెప్పాను. ఎంత ఎక్కువ చెబుతుంటే నా గొంతు నాకే అంత కొత్తగా వినబడింది. "పుస్తకమన్న వస్తది గద బాపు," అని ముగించాను.

"మీసాలు చెరిపేస్తె ఐపాయె గద," అంది అమ్మ.

బాపు ఫోన్ నా చేతికి ఇచ్చేశాడు. "పుస్తకం నీది. రాసినదానివి నువ్వు. నీ ఇష్టం బిడ్డా," అన్నాడు. టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, మోకాలు రాసుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఒక్క ముచ్చట చెప్త ఇను. బాయి కాడ అందరు కొడుకుల ముచ్చట్లు పెడుతుండ్రి. నా కొడుకు గిట్ల, నా కొడుకు గట్ల అని. నన్ను జూసి, 'నీకు కొడుకు లేకపాయెనే, నీ ఎనుక ఎవలున్నరు?' అంటుండ్రి. వాళ్లు మంచిగనే అంటుండ్రి, నా మీద ప్రేమతోనే. నాకు కోపం రాకపోతుండె. జర బుగులైతుండె. లోపల లైటు పట్టుకొని నడుస్తుంటె గదే మాట యాదికొస్తుండె. ఇంటికొచ్చి నీకు కథ చెప్తె బుగులు పోతుండె."

అమ్మ కూడా చేతిలో పని ఆపేసి వింటోంది.

"రాజుకు కొడుకే ఉంటె," అన్నాడు బాపు, "నాకు గా కథ చెప్పే పనే లేకపోవు."

ఇన్నేళ్లూ ఆ కథ నా కోసం చెప్పాడనుకున్నాను. పందిట్లో అంత గట్టిగా నవ్విన మనిషికి లోపల అంత భయం ఉండేదని, దాన్ని పోగొట్టుకోవడానికి రోజూ నన్ను గుర్రం ఎక్కించాడని నాకు తెలియదు. ఏడుపొచ్చింది. గ్లాసులు కడుగుతానని లోపలికి పోయి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగాను.

సోమవారం మొదటి గంట కొట్టకముందే ఫోన్ చేశాను. "మేడం, ఆ పిల్ల పిల్లే."

"పండుగకు రాదమ్మా మరి."

"రాకపోతే మానె మేడం," అన్నాను. ఎంతో ధైర్యంగా అన్నాననుకుంటారేమో, మనసు మారే లోపల గబగబా అనేశాను. ఆవిడ "సరే, చూద్దాంలెండి," అని పెట్టేసింది. పుస్తకం పోయిందనే అనుకున్నాను.

ఆ బాధతో తొమ్మిదో తరగతిలోకి పోతే పాఠం ముందుకు కదలలేదు. పుస్తకం మూసేసి, నా కథ మొదటి అధ్యాయం చదివి వినిపించాను. ఎవరు రాశారో చెప్పలేదు. హీరో బొమ్మ గీయమన్నాను. బెంచీల మధ్య తిరుగుతూ చూస్తే, కాగితాల నిండా గుర్రాల మీద రెండు జడల పిల్లలు. జడలకు మా బడి ఎర్ర రిబ్బన్లు. తండా నుంచి వచ్చే అమ్మాయి, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్ల, తన హీరోకు అద్దాల రవిక తొడిగింది. మీసం ఒక్క కాగితం మీదా లేదు. ఒక మగపిల్లవాడు మాత్రం గుర్రం గీయడం రాక ట్రాక్టరు గీశాడు.

పెద్దావిడ మాట గుర్తొచ్చి వెనక బెంచీ మగపిల్లలను అడిగాను. "ఆడపిల్ల కథ కదా, మీకు నచ్చిందా?"

ట్రాక్టరు గీసినవాడు విసుక్కున్నాడు. "ఎవలైతేంది మేడం! మింగుడు సస్తదా సావదా, గది జెప్పుండ్రి."

బొమ్మలన్నిటికీ ఫోటోలు తీసి, కింద వాడి మాట రాసి, హైదరాబాదుకు పంపేశాను. వాదించడానికి కాదు, ఉక్రోషం ఆగక.

వారం తిరగకముందే పెద్దావిడ ఫోన్ చేసింది. నవ్వుతూనే ఉంది. ట్రాక్టరు బొమ్మను తన గోడకు అంటించుకుందట. చిత్రకారుడికి బొమ్మలన్నీ చూపిస్తే ఆయన తనంతట తానే మళ్లీ గీస్తానన్నాడట, కాకపోతే చేతిలో ఉన్న పనులు అయ్యాక. పండుగ దాటిపోయి ఎండాకాలానికి వస్తుంది, ఫరవాలేదా అని అడిగింది. ఫరవాలేదా అంటే ఏం చెప్పను? ఎగిరి గంతేయకుండా ఉండటానికి కుర్చీ పట్టుకున్నాను.

"ఒక్క కోరిక," అంది. "మొదటి వాక్యంలో 'కూతురు' అని రాసేయండి. మళ్లీ ఈ తిప్పలు ఉండవు."

"బిడ్డే ఉండనీయండి మేడం. బొమ్మ చూస్తే తెలుస్తుంది. తెలియనివాళ్లకు మా మాట ఒకటి వస్తుంది."

"మొండిఘటానివమ్మా," అంది, ఏకవచనంలోకి దిగి. ఆ మాట నాకు చాలా నచ్చింది.

అచ్చుకు పోయే ముందు, అంకితం ఎవరికి అని అడిగింది. నేను ఆలోచించి, ఆలోచించి, ఒకే ఒక్క ముక్క రాసి పంపాను: కొడుకుల్లేని రాజుకు. రాసుకుని నాకు నేనే మురిసిపోయాను. అది చదివినప్పుడు బాపు మొహం ఎట్లా ఉంటుందో ఊహించుకుని కళ్లు కూడా తుడుచుకున్నాను.

ఎండాకాలం సెలవుల్లో పుస్తకాల కట్ట భూపాలపల్లి ఇంటికి వచ్చింది. బాపు మంచం మీద కూర్చుని, కూరగాయల కత్తితో తాళ్లు కోశాడు. అదే కోట, అదే నల్ల గుర్రం. దాని మీద మా పిల్ల, కవచం తొడుక్కుని, చేతిలో దీపంతో. గాలికి ఎగురుతున్న జడ చివర ఎర్ర రిబ్బను. బాపు బొటనవేలితో ఆ జడను రాసి చూశాడు, అంటుకుంటుందేమో అన్నట్టు.

"గీమెనే," అన్నాడు. "గీమెనే మన పిల్ల."

అమ్మ కూడా వచ్చి చూసి, గుర్రం ఇంతకుముందే మంచిగుండె అంది.

బాపు కళ్లద్దాలు సర్దుకుని పేజీ తిప్పాడు. అంకితం పేజీ. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లు తడవలేదు, కనుబొమలు ముడిపడ్డాయి.

"తప్పు పడ్డది," అన్నాడు.

"ఎక్కడ బాపు?"

"కొడుకుల్లేని అని రాసినవేంది? లేనిది ఎందుకు రాసుడు? ఉన్నది రాయాలె."

జేబులోంచి పెన్ను తీశాడు. 'కొడుకుల్లేని' మీద అడ్డంగా ఒక గీత కొట్టి, దాని పైన తన గుండ్రటి అక్షరాలతో 'బిడ్డున్న' అని రాశాడు. బిడ్డున్న రాజుకు. సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసి పక్కన పెట్టి, కట్టలోంచి ఇంకోటి తీసి అదే పేజీ తెరిచాడు.

"బాపు, ఆగు. అవన్నీ ఊరోళ్లకు, చుట్టాలకు పంచేటియి."

బాపు తల ఎత్తలేదు.

"అందుకే దిద్దుతున్న," అన్నాడు.